తట్ట ఎవరు తీశారు?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా ఆయన మోటార్లు రిపేరు చేసే షాపులో పని చేస్తారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు తొమ్మిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. పోయిన ఆదివారం ఆడబిడ్డ వాళ్ళు వచ్చినారు. అన్నాలయ్యాక బాబు తిన్న తట్ట అట్లే వదిలేసి టీవీ ముందుకు పోయినాడు. తీయమని పాపకు చెప్తే, అందరి ముందర "వానికి చేతులు లేవా?" అనేసింది. "ఇట్ల మాట్లాడే పిల్ల రేపు ఒకరింట్లో ఏం కాపురం చేస్తాది?" అంది అత్తమ్మ. నాకు తల కొట్టేసినట్టయి పాపను చెంప మీద కొట్టినాను. అప్పటి నుంచి చెప్పిన పనల్లా చేస్తోంది కానీ నాతో మాట్లాడడం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. పాపను దారికి తెచ్చుకునేదెట్లా?
– ఒక అమ్మ, అనంతపురం

జవాబు: చెల్లెమ్మా, నాకంటే చిన్నదానివే అయి ఉంటావు, నువ్వు అనే అంటాను. ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నీ రాశావు గానీ, ఆ తట్ట చివరికి ఎవరు తీశారో రాయలేదు. నువ్వే తీసి ఉంటావు.

ముందు చెంపదెబ్బ సంగతి. పాప దగ్గర కూర్చుని "ఆ రోజు కొట్టింది నాదే తప్పు" అని చెప్పు. అంతే చెప్పు. "అయినా నువ్వు కూడా..." అని తోక తగిలించావంటే మొదటికొస్తుంది. మేనత్త ముందర కొట్టావు కాబట్టి, ఇంట్లో అందరూ ఉన్నప్పుడే చెప్పు. పదిహేడేళ్ళ పిల్లకు దెబ్బ కంటే చూసిన కళ్ళు ఎక్కువ నొప్పి.

ఇక దారి. నువ్వనే ఆ దారిలో నేను నడిచాను, నా కూతుర్నీ నడిపించాను. కర్నూలులో మా ఇంట్లో పొద్దున కుక్కర్ పెట్టేది పాప, తిని స్కూలుకు పోయేది ఇద్దరూ. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. గదికి పోయిన రెండో రోజే చెల్లెలికి ఫోన్ చేశాడు, కుక్కర్ చుట్టూ ఆవిరి పోతోంది, విజిల్ రావడం లేదని. "గ్యాస్కెట్ పెట్టినావా?" అంది అది. "గ్యాస్కెట్ అంటే?" అన్నాడు వాడు. ఇరవై మూడేళ్ళు ఆ కుక్కర్ అన్నమే తిన్నాడు! పాప ఫోన్ పెట్టేసి నావైపు చూసింది, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మీ అత్తమ్మ మీద కోపం పెట్టుకోవద్దు. ఆమెది ఉత్త పెత్తనం కాదు, భయం కూడా. మా అమ్మ కొత్త కోడలిగా తట్టిన మొదటి జొన్నరొట్టె అంచులు పగిలిందని, దాన్ని గుడ్డలో కట్టి పుట్టింటికి పంపారట, మీ పిల్లకు నేర్పింది ఇదేనా అని. అలాంటివి చూసిన వాళ్ళు మనవరాలి నోరు చూసి భయపడరా మరి? కానీ ఆ భయానికి మందు పిల్ల నోరు మూయించడం కాదు. రొట్టె తట్టడం ఇద్దరికీ నేర్పు. వేడినీళ్ళు పోసి పిండి కలపడానికి ఆడచేతులే కావాలని ఎక్కడా లేదు. మన వీధుల్లో పొద్దున్నే బండ్ల మీద బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి ఉగ్గాని కలిపే మగవాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళను "మగోడికి పొయ్యి కాడ ఏం పని" అని ఎవరూ అనరు. అక్కడ దుడ్లు వస్తాయి కదా.

దుడ్లంటే గుర్తొచ్చింది. "ఇంట్లో ఉండి ఏం చేస్తావు" అని మీ ఆయన ఎప్పుడైనా అంటే, 2019లో కేంద్రప్రభుత్వం చేసిన సర్వే లెక్క చెప్పు. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఆ పనికి చెయ్యి పెట్టే మగవాళ్ళే అప్పటికి నూటికి 26 మంది. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ తీర్పు రాస్తూ ఈ లెక్కే ఎత్తి చూపారు. రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు చనిపోయిన కేసు అది. ఆమెకు ఉద్యోగం లేదు. అయినా ఆమె ఇంట్లో చేసిన పనికి విలువ కట్టి పరిహారం ఇవ్వాల్సిందేనన్నారు. మనిషి పోయాక లెక్క కట్టారు సరే, ఉండగానే మీ ఇంట్లో కట్టుకోండి. ఒక్క ఆదివారం గడియారం చూసి ఎవరు ఎంతసేపు ఏం చేశారో రాయమని ఆ పని బాబుకే అప్పజెప్పు. తొమ్మిదో తరగతి కుర్రాడు, కూడికలు వస్తాయి.

ఆ తర్వాత వాడికి ఒక పని పూర్తిగా ఇవ్వు. "అమ్మకు సాయం చేయి నాయనా" అనొద్దు. సాయమంటే పని నీది, దయ వాడిది అన్నట్టు. నీళ్ళొచ్చే రోజు బిందెలు, డ్రమ్ము వాడివి అనుకో. కొళాయి ఎప్పుడొస్తుందో కనుక్కోవడం, నిద్ర లేవడం, మూత పెట్టడం దాకా అన్నీ వాడివే. వాడు మరిచిపోతే ఆ రోజు ఇల్లంతా తక్కువ నీళ్ళతో సర్దుకుంటుంది, మీ ఆయనతో సహా. ఆయనతో ముందే మాట్లాడి ఉంచు, లేకుంటే మధ్యలో లేచి పాపను పిలుస్తారు.

ఇంకోటి. వాడు ఒకపూట గిన్నె కడిగాడని ఆడబిడ్డకు ఫోన్ చేసి మురిసిపోకు. పాప ఎన్నేళ్ళుగా కడుగుతోంది, ఒక్కసారైనా ఎవరికైనా చెప్పావా?

తట్ట మాత్రం ఈ రోజు నుంచే. ఎవరు తిన్నది వాళ్ళే తీసి కడగాలి, మీ ఆయన కూడా. అత్తమ్మకు మోకాళ్ళు నొప్పి ఉంటే ఆమెది వదిలెయ్. మొదట్లో బాబు అట్లే వదిలేసి పోతాడు. పోనీ, ఉండనీ. రాత్రికల్లా పప్పు ఎండి తట్టకు అంటుకుపోతుంది, గీకడానికి వాడికి పావుగంట పడుతుంది. అత్తమ్మ నీవైపు చూస్తుంది. నువ్వు లేవొద్దు. జాకెట్ కుట్టుకో.