పడక కుర్చీ సంగతి

అమ్మడూ,

పురిటికి పుట్టింటికి రానని, హైదరాబాదులోనే ఉండి మీరిద్దరే బిడ్డను చూసుకుంటామని అన్నావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పి రుసరుసలాడాడు. నాకు ముందు గుండె గుభేలుమంది, తర్వాత లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెం వాడి దగ్గర బయటపెట్టలేదులే.

బిడ్డ నిద్ర గురించి నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. పగలైనా రాత్రైనా పడుకోబెట్టేది వెల్లకిలానే. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. దాని మీద బిగించి పరిచిన దుప్పటి తప్ప దిండు, బొంత, బొమ్మ ఏదీ వద్దు. కనీసం ఆరు నెలలు మీ గదిలోనే, మీ మంచం పక్కనే వేరే తొట్టిలో. మెడలో తాడు, పూసలు వద్దు. సాంబ్రాణి పొగ వద్దు. సిగరెట్టు సంగతి మీ ఆయనకు నేనే చెబుతాను.

వెల్లకిలా వేస్తే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని మీ అమ్మ అంటుంది. ఏఎన్ఎమ్ నర్సుగా ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారగొట్టం కింద ఉంటాయి. కక్కింది పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ఊదరగొట్టడం మొదలుపెట్టాక, కొన్నేళ్లలోనే నిద్రలో పసివాళ్లు ఉన్నట్టుండి పోవడం సగానికి తగ్గింది. తల గుండ్రంగా రావాలని మీ అమ్మ ఆవాల దిండు కుట్టి పంపుతుంది. తీసుకుని బీరువాలో పెట్టు. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి ఎదురుగా కూర్చో, చాలు.

చీర ఉయ్యాల దగ్గరికొచ్చేసరికి నాకే మనసొప్పదు. మీ నాన్నను అందులోనే ఊపాను. కానీ అందులో పసివాళ్ల గడ్డం గుండెకు ఆనుకుని ఊపిరికి దారి మూసుకుపోతుంది. బారసాల నాడు నలుగురి ముందూ వేసి పాటలు పాడండి, రాత్రి నిద్రకు మాత్రం వద్దు.

ఇక అసలు సంగతి. 1984 సంక్రాంతికి మీ బావకు నలభై రోజులు. ఇంటి నిండా చుట్టాలు, మంచాల నిండా పిల్లలు. అర్ధరాత్రి వాడు ఏడిస్తే ఎవరికీ నిద్ర చెడకూడదని వసారాలోకి పోయి, పడక కుర్చీలో కూర్చుని పాలిచ్చాను. రెండు నిమిషాలు కళ్లు మూసుకుందామనుకున్నాను. మళ్లీ కళ్లు తెరిచింది మా మామగారి దగ్గుకి. వాడు నా మోచేతి మీంచి జారి, నా పక్కటెముకలకీ కుర్చీ గుడ్డకీ మధ్య ఇరుక్కున్నాడు. మొహం గుడ్డలో కూరుకుపోయింది. తీసి చూస్తే ఒళ్లంతా చెమట, మెడ వేలాడుతోంది, పెదాలు నీలం. అరికాళ్ల మీద కొట్టాను, వీపు రుద్దాను. ఎంతసేపో తెలియదు. కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు విని ఇంకా చంటాడి నోరు మూయించలేదేమని లోపల్నుంచి ఎవరో విసుక్కున్నారు.

మీ మామయ్యకు కూడా చెప్పలేదు. ఊరందరికీ పాఠాలు చెప్పే నర్సమ్మను కదా, నా బిడ్డను నేనే నొక్కేశానని ఏ నోటితో చెప్పను? ఆ దగ్గును అంతకుముందు ఎన్నిసార్లు తిట్టుకున్నానో. తర్వాత మామగారు బతికున్నన్నాళ్లూ ఆ దగ్గును ఒక్కమాట అనలేదు. మీ బావకు ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

అందుకే మీ కొత్త సోఫా ఫొటో చూసి అందరూ బాగుందంటే నాకు ఒళ్లు జలదరించింది. రాత్రి పాలకు దాని మీద కూర్చోకే పిల్లా! మంచం మీద నిద్రపోతానేమోనని భయపడి సోఫాలోకి పోతారు, అసలు ప్రమాదం అక్కడే. కళ్లు మూతలు పడుతుంటే మంచం మీదే ఇవ్వు, దిండ్లూ దుప్పట్లూ అవతలికి తోసేసి. మెలకువ రాగానే తొట్టిలో వెయ్యి. మీ ఆయన్ని లేపు. పాపం పొద్దున్నే ఆఫీసు అని జాలిపడితే ఊరుకోను. అన్నీ నేనే చేస్తానన్న పంతం నీకు నా నుంచే వచ్చింది, నాకు తెలుసు.

బోర్లా పడబోతున్న సూచన కనపడగానే గుడ్డలో చుట్టడం మానెయ్యి. పడిన రోజు నాకు ఫోన్ చెయ్యి, బొబ్బట్లు నేనే చేస్తాను.

తొమ్మిదో నెల పెట్టగానే వస్తున్నాను. పెత్తనం చెయ్యను, ఒట్టు. నాకు మంచం వద్దు, తొట్టి పక్కన కింద చాప వెయ్యి. రాత్రి పాలయ్యాక బిడ్డను నా చేతికిచ్చి నువ్వు పడుకో. నాకెలాగూ నిద్ర పట్టదు.

మీ అత్త