లివర్ రక్షణకు జింక్ మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. పెయింట్ల తయారీలో సాల్వెంట్లతో పని. సాయంత్రానికి తలనొప్పి వస్తే పారాసిటమాల్ వేసుకుంటాను. రసాయనాల నుంచి లివర్‌ను జింక్ కాపాడుతుందని చదివి, నెల నుంచి రోజూ 50 మి.గ్రా. మాత్ర వాడుతున్నాను. పది రోజులుగా ఆకలి లేదు, మూత్రం ముదురు రంగులో వస్తోంది. డోసు పెంచవచ్చా?

జవాబు: జింక్ సంగతి తర్వాత. ఆకలి పోయి, మూత్రం రంగు మారి పది రోజులైతే ఇంకా పరీక్షలు ఎందుకు చేయించుకోలేదు? ఇవాళే డాక్టర్‌ను కలవండి. లివర్ ఫంక్షన్ టెస్టు, ప్రోథ్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం), హెపటైటిస్ పరీక్షలు అవసరం కావచ్చు. కారణం సాల్వెంటా, మాత్రలా, వైరస్సా అన్నది మిమ్మల్ని చూడకుండా చెప్పలేను. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది పారాసిటమాల్. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో రాయలేదు. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. మద్యం తాగేవాళ్లకు, సరిగా తిననివాళ్లకు ఇంకా తక్కువే. చాలా జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఈ మందులో కొంత లివర్‌లో విషపదార్థంగా మారుతుంది. లివర్‌లో నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. డోసు మించితే ఆ నిల్వ తరిగిపోయి కణాలు చచ్చిపోతాయి. మొదటి రోజు పెద్దగా బాధ తెలియకపోవచ్చు, బాగానే ఉన్నాం కదా అని ఊరుకుంటారు. విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ మందును, డోసు మించిన 8 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. దయచేసి ఇకనుంచి తలనొప్పికి సొంత వైద్యం వద్దు. రోజూ పని ముగిసేసరికి తల నొప్పి పుడుతోందంటే ఆవిర్లు పీలుస్తున్నారేమో చూడాలి. గాలి ఆడే ఏర్పాటు, సరైన మాస్కు గురించి పనిచోట అడగండి.

ఇక జింక్. మీరు చదివింది అబద్ధం కాదు. ఎలుకలకు ముందు జింక్ ఇచ్చి, తర్వాత లివర్‌ను దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే సాల్వెంట్ ఇచ్చిన ప్రయోగాల్లో లివర్ దెబ్బ తగ్గింది. జింక్ వల్ల కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరిగి, కణాలను దెబ్బతీసే ఫ్రీ ర్యాడికల్స్‌ను అడ్డుకుంటుందని ఒక వివరణ. కానీ మనుషుల్లో సాల్వెంట్లకు విరుగుడుగా జింక్‌ను ఎవరూ సిఫార్సు చేయరు. పైగా అది పేగుల్లో రాగిని ఒంటికి పట్టనివ్వదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధిలో మేం వాడుకునేది ఆ గుణాన్నే. మీకు మాత్రం రాగి లోపించి రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. డోసు పెంచడం అటుంచి, డాక్టర్ చూసేదాకా ఆపేయండి. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ, సాల్వెంట్ డబ్బా లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లండి.