ఉద్యోగం మానకుండా రాయడం ఎలా అంటే, నా సంగతి చెప్తాను

ఉద్యోగం చేసుకుంటూ సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునేవాళ్లు అసలు ఎప్పుడు రాస్తారు, రాయడానికి విషయాలు ఎక్కడ దొరుకుతాయి, ఉద్యోగం మానేస్తే ఇంకా బాగా రాయొచ్చా అని అడిగారు. మూడో ప్రశ్నకి ముందు చెప్తాను. మానకండి. జీతం కోసం మాత్రమే అనడం లేదు, నేను రాసినవాటిలో పనికొచ్చిన ప్రతి పేజీ నా ఉద్యోగంలోంచే వచ్చింది.

నేను గుంటూరు మిర్చి యార్డులో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. కథలు, నవలలు రాసి నేనే అచ్చు వేయించుకుంటాను. కొత్త పంట వచ్చే నెలల్లో, అంటే సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా, నాకు రాత అన్నదే ఉండదు. రాత్రంతా లారీల్లోంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి, తెల్లారేసరికి రైతులు తమ సరుకు పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకుని ఉంటారు, ఆ తర్వాత బేరాలు, కాటాలు, లెక్కలు రాసిచ్చే పట్టీలు, సాయంత్రానికి గొంతులో మిరప ఘాటు తప్ప ఇంకేమీ మిగలదు. అప్పుడు ఇంటికెళ్లి నవల రాయాలని కూర్చోవడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదనే అనుకుంటాను. ఆ నెలల్లో చేసేది ఒక్కటే, జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, విన్న మాటని విన్నట్టుగా రాసుకోవడం. నా అభిప్రాయం కలపను, వర్ణన కలపను. ఎవరు, ఎవరితో, ఏమన్నారు, అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే ప్రేరణ అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఇదే. తేజ రకం మిర్చి తెచ్చిన ఒక పెద్దాయన, ఆ రోజు ధర బాగా తగ్గింది, కాటా అయిపోయింది, డబ్బు లెక్కపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. 'ఇంకా కాటా కాలేదే, పొద్దుపోయేలా ఉంది, మీరు తినేయండి' అన్నాడు. ఫోన్ పెట్టేసి మా కొట్టు అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ధర పడిపోయిందని ఎంతసేపు రాసినా ఆ 'మీరు తినేయండి'లో ఉన్నది రాదు. నేను ఆ మాటని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన ఇంటికి ఏ బస్సుకి వెళ్లి ఉంటాడు, గుమ్మంలో భార్య మొహం చూసి ముందు ఏం మాట్లాడి ఉంటాడు అన్న ఆలోచన నన్ను నెలల తరబడి వదల్లేదు, అదే ఒక పెద్ద కథ అయింది. ఉద్యోగం మానేసి ఇంట్లో బల్ల ముందు కూర్చుంటే ఆ మాట నా చెవిన పడేది కాదు.

మా జిల్లాలో దీనికి గొప్ప దారి చూపించినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. గుంటూరులో ప్లీడరు, ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టిన మనిషి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్లి అక్కడ 'మాలపల్లి' రాశారు. అందులో జనం మాట్లాడేది ఇక్కడి పల్లెల భాషే, వందేళ్ల తర్వాత చదివినా మా యార్డులో వినపడే యాస అందులో నాకు వినిపిస్తుంది. ప్రభుత్వం ఆ నవలని నిషేధించింది కూడా. పనుల మధ్య, కష్టాల మధ్య ఉన్న మనిషే అంత బాగా విన్నాడు అని నాకు నేను చెప్పుకుంటుంటాను.

ఇక ఎప్పుడు రాస్తానంటారా, యార్డుకి ఎండాకాలం సెలవులు ఇస్తారు, మామూలుగా మే నెలలో. నా మొదటి చిత్తుప్రతి మొత్తం ఆ సెలవుల్లోనే. తెల్లవారుజామున లేచి, కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా కాగితం మీదే రాస్తాను, ఎండ ఎక్కేలోపు ఆపేస్తాను. మధ్యాహ్నం రాయను, బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లి చదువుకుంటాను. రాసేటప్పుడు ఇంకొకరి కథలు చదివితే ఆ ధోరణి నా వాక్యంలోకి వచ్చేస్తుందని భయం, అందుకని అప్పుడు పాత చరిత్రలు, ఆత్మకథలు మాత్రమే.

వానాకాలమంతా దిద్దుకోవడం. ఇక్కడ మా అమ్మ సాయం చాలా ఉంది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక అధ్యాయం చదివి వినిపిస్తాను. 'ఆ పిల్ల అత్తగారితో అట్లా ఎందుకంటుందిరా' అందంటే ఆ సంభాషణ మళ్లీ రాయాల్సిందే. ఆవిడ ఏమీ అనకుండా వత్తులు చేసుకోవడం మొదలుపెడితే అక్కడ కథ సాగదీశానని అర్థం, ఆ పేజీ తీసేస్తాను. డబ్బిచ్చి ఎడిటర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించండి. ఇంతకు మించిన సలహా నా దగ్గర లేదు.

అచ్చు పని విజయవాడలో. దసరా తర్వాత ఆదివారాలు రైలెక్కి వెళ్తాను, పని చూసుకుని లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు తిరిగి వస్తాను, ఆ తిరుగుడు లేకపోతే నాకు ప్రయాణం పూర్తయినట్టు ఉండదు. మీరు యూనికోడ్‌లో టైప్ చేస్తే, డీటీపీ వాళ్లు, అంటే అచ్చుకి పేజీలు కూర్చేవాళ్లు, దాన్ని 'అను' అనే తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, కాబట్టి మార్చిన తర్వాత ప్రూఫు కాగితం మీద మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే. మామూలు పుస్తకాల డెమ్మీ సైజులో 16 పేజీలు కలిపి ఒక ఫారం, అచ్చు లెక్క ఫారాల్లోనే ఉంటుంది. 160 పేజీలకి పది ఫారాలు సరిపోతాయి, మూడు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారంలోకి వెళ్లి కాగితం, ఖర్చు రెండూ పెరుగుతాయి. ఒకసారి అలా ఎక్కువైన మూడు పేజీల కోసం చివరి అధ్యాయం కుదించాను, అది ముందుకన్నా చాలా బాగా వచ్చింది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఇస్తారు, దానికి విడిగా వేలు అడిగేవాళ్లకి ఇవ్వకండి.

ఇదంతా డిసెంబరుకి ముగించుకుంటే జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం అందుతుంది. 1989 నుంచి జరుగుతున్న ఉత్సవం అది, నాలాంటి వాళ్లకి ఏడాదిలో పాఠకుల్ని ఎదురుగా చూసే రోజులు అవే. ఇద్దరు ముగ్గురం రచయితలం కలిసి ఒక స్టాల్ పంచుకుంటాం. షాపులకిస్తే కమీషన్ పోను చేతికొచ్చేది తక్కువ, వచ్చేది కూడా ఆలస్యం, స్టాల్ దగ్గర అమ్మిన డబ్బు అప్పటికప్పుడు వస్తుంది. కానీ నేను వెళ్లేది ముఖ్యంగా జనం పుస్తకం తీసి ఎక్కడ చదవడం మొదలుపెడతారో చూడటానికి. చాలామంది ముందుమాట తిప్పేస్తారు, మధ్యలో సంభాషణ ఉన్న పేజీ దగ్గర ఆగుతారు. అది చూశాక ముందుమాటలు రాయించుకోవడం మానేశాను.

అమ్మకాలు నాకు పెద్దగా ఉండవు, వేసిన కాపీలు అయిపోవడానికి రెండేళ్లు పడుతుంది. అయినా టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఇంటి ఖర్చు పుస్తకం మీద ఆధారపడలేదు, అందువల్లే నాకు నచ్చిన విషయం నచ్చినట్టు రాయగలుగుతున్నాను.

మీరు ఏ పని చేస్తారో ప్రశ్నలో రాయలేదు. బ్యాంకు అయినా, బడి అయినా, బట్టల షాపు అయినా, మీ పనిలో తీరిక దొరికే నెలలు ఏవో ముందు చూసుకుని కింద రాయండి. వాటిని బట్టి మొదటి చిత్తుప్రతికి ఎంత సమయం పెట్టుకోవచ్చో, డీటీపీకి ఎప్పుడు ఇవ్వొచ్చో నాకు తెలిసినంతలో చెప్తాను.