తప్పు కనిపించినా చెప్పరెందుకు?

ప్రశ్న: మా ప్యాకింగ్ యూనిట్‌లో 40 మంది ఉన్నారు. మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు, తప్పులేమో సరుకు వెళ్లిపోయాక బయటపడతాయి. ఏం చేయాలండీ?

జవాబు: పదిమంది ముందు నిలబెట్టి అడిగితే ఎవరు చెప్తారండీ, భయం ఉంటుంది కదా. టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైన్ వెంబడి ఒక తాడు కట్టేవారు, లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు, వెంటనే టీమ్ లీడర్ వచ్చి చూస్తాడు, అప్పటికీ సరికాకపోతే లైన్ ఆపేస్తారు. లీడర్ అలా వెంటనే రావడమే అసలు కిటుకు అని నా నమ్మకం.

మీరూ ఒక బెల్ పెట్టండి. మోగితే మీరే వెళ్లండి, వెళ్లగానే "ఎవరు చేశారు?" అని మాత్రం అడగొద్దు, దయచేసి. ఎవరైనా కొత్త ఐడియా చెప్తే వారంలోపు జవాబివ్వండి, కుదరకపోతే ఎందుకు కుదరదో చెప్పండి. జవాబు రాకపోతే రెండోసారి చెప్పరు.