సొంత టీంనే తిడుతుంటే పక్కన కూర్చోవడమెలా?

ప్రశ్న: అన్నా, మాది హాలియా. మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్ వచ్చి ఐదు నెలలైంది. పార్ట్ టైం డబ్బులతో ఇక్కడి టీం ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మూడు చూశాను. మూడింట్లోనూ జనం సొంత ఆటగాళ్లనే ‘బూ’ అని అరిచారు. నా పక్క సీటు ముసలాయన మొదటి నిమిషం నుంచి తిట్టుడే. మనసు పాడైంది. వెళ్లడం మానేయాలా? లేకపోతే మనమూ అరవొచ్చా?

జవాబు: తమ్ముడూ, మాది మిర్యాలగూడ పక్కన పల్లె. మనోడివని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకో.

రూల్స్ సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. బూ అనడం నేరం కాదు. జాతి, రంగు పేరుతో అరిచినా, గ్రౌండ్‌లోకి ఏదైనా విసిరినా, లోపలికి ఉరికినా 1991 చట్టం కింద కేసవుతుంది. బ్లాకులో టికెట్ కొనకు, అట్లా అమ్మడం కూడా నేరమే. మిగతావి క్లబ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకున్నవాడివే కదా.

నేను 2006లో వచ్చాను. వాట్సాప్ లేదు. కాలింగ్ కార్డు గీకి, చాంతాడంత నంబర్ నొక్కి, ఆదివారం ఇరవై నిమిషాలు ఇంటికి మాట్లాడితే వారమంతా అదే. మీకు పొద్దున లేస్తే ఫోన్లో అమ్మ మొహం కనిపిస్తుంది, అయినా ఒంటరిగా ఉందంటారు. సరే, ఎవరి బాధ వాళ్లది. నా గది గోడలు పలుచన. నేను ఫోన్లో మాట్లాడితే కింది ఇంటామె కర్రతో పైకప్పు పొడిచేది. నల్లగొండోళ్లం, మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటుంది కదా. మూడు నెలలు గుసగుసలాడీ గుసగుసలాడీ నా గొంతు నాకే మరుపుకొచ్చింది.

అప్పుడు గోదాంలో నాతో రాత్రి డ్యూటీ చేసే ఒకతను, వాళ్ల తమ్ముడికి ఒంట్లో బాగాలేదని ఆ సీటు నాకిచ్చాడు. హాఫ్ టైంకి మనవాళ్ల మీద మూడు గోల్స్. రిఫరీ విజిల్ ఊదగానే స్టేడియమంతా ఒక్కసారి ‘బూ’ అంది. అంతమంది ఒక్క గొంతుతో అరవడం నేను అంతకుముందు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలోనే విన్నాను, ‘ఓ లింగా’ అని. అది దేవుడి కోసం. ఇట్లా కోపంగా అరిస్తే మాత్రం మన దగ్గర మీటింగుల్లో ఆ తర్వాత కుర్చీలు లేస్తాయి. ఇక్కడా లేస్తాయనుకుని బయటికి ఉరికాను. మళ్లీ లోపలికి పోతానంటే గేటు దగ్గర మనిషి తల అడ్డంగా ఊపాడు. బస్సుకి ఇంకా టైం ఉంది. వానలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి లోపల నుంచి ఒక అరుపు వచ్చింది, కాళ్ల కింద నేల అదిరింది. మనవాళ్లు గోల్ కొట్టారు. కాసేపటి కింద తిట్టినవాళ్లే అంతా. నేను గోడకి ఇవతల ఉన్నాను.

ఇది మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది.

రెండేళ్లకి సొంతంగా సీజన్ టికెట్ కొన్నాను, అంటే ఆ సీజన్‌లో సొంత గ్రౌండ్ మ్యాచ్‌లకి ఒకటే సీటు. మా వాళ్లలో అప్పటికి ఎవడూ కొనలేదు, అది వేరే సంగతి. నా పక్కన రిటైరైన బస్సు డ్రైవర్. నలభై ఏళ్లుగా అదే సీటు, అవే తిట్లు. నీ ముసలాయన లాంటివాడే అనుకో. ఒకరోజు కుర్ర డిఫెండర్ వెనక్కి ఇచ్చిన పాస్ ఎదుటివాడి కాలికి దొరికి గోల్ అయింది. అందరికంటే ముందు నేను లేచి ‘బూ’ అన్నాను. ముసలాయన నా వైపు తిరిగి, “ఎన్నేళ్ల నుంచి వస్తున్నావు?” అన్నాడు. రెండేళ్లన్నాను. ఇంకేమీ అనలేదు, గ్రౌండ్ వైపు తిరిగాడు. ఆ తర్వాత నాలుగు మ్యాచ్‌లు ఒక్క మాట లేదు. ఆ నెలలో గోదాం బయట నాతో మాట్లాడింది సూపర్ మార్కెట్ కౌంటర్ పిల్ల ఒక్కతే, “బ్యాగ్ కావాలా?” అని.

ఇంటర్‌లో లెక్కల్లో ఫెయిలైతే మా నాయిన నన్ను తినేటప్పుడు తిట్టాడు, పడుకునేటప్పుడు తిట్టాడు. వడ్ల బస్తాలు ఎత్తుతుంటే పక్కింటాయన ‘మీవోడికి చదువు అబ్బదు’ అన్నాడు. బస్తా అక్కడే పడేసి ఆయన మీదికి పోయాడు మా నాయిన. ముసలాయన ఎందుకు మాట్లాడలేదో అది గుర్తొచ్చాకే నాకు తెలిసింది.

సంక్రాంతికి అమ్మ సకినాలు పంపింది. సగం ముక్కలై వచ్చాయి. చెక్కుచెదరనిది ఏరి ఆయన చేతిలో పెట్టాను. స్టీరింగ్‌లా రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, కొరికాడు, నమిలాడు, గోల్ కీపర్‌ని ఒక తిట్టు తిట్టి ఇంకోటి అడిగాడు.

బూ అంటే ఆట బాగుపడుతుందా అంటే, నేను చూసినంతలో పడదు. బంతి ముందుకి ఇవ్వాల్సినవాడు భయపడి వెనక్కి ఇస్తాడు, దానికి ఇంకా అరుస్తారు. చిన్నపిల్లలు చెవులు మూసుకుంటారు. 2019 అక్టోబర్‌లో లండన్ టీం ఆర్సెనల్ కెప్టెన్ గ్రానిట్ జాకాని సొంత స్టేడియంలో బూ అంటే అతను చొక్కా విప్పేసి లోపలికి పోయాడు, కెప్టెన్సీ పోయింది. 2023లో అదే స్టేడియంలో తన ఆఖరి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొడితే అదే జనం చప్పట్లు కొట్టారు. మన హార్దిక్ పాండ్యా సంగతి నీకు తెలిసిందే. 2024 ఏప్రిల్‌లో ముంబై కెప్టెన్‌గా సొంత వాంఖడేలోనే బూ, వరల్డ్ కప్ గెలిచి వచ్చాక జులైలో అక్కడే జేజేలు. 2018లో అప్పటి మన ఇండియా ఫుట్‌బాల్ కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియో పెట్టి ఏం అడిగాడు? తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని. అంతకుముందు మ్యాచ్‌కి వచ్చింది 2,569 మంది. ఛెత్రి హ్యాట్రిక్ కొట్టి 5-0తో గెలిపించిన మ్యాచ్ అది. తిట్టడానికి కూడా మనిషి లేకపోవడం ఎంత కష్టమో నాకు ఆ గదిలో తెలిసింది.

కాబట్టి మానేయకు. నువ్వు మాత్రం ఇప్పుడే బూ అనకు, ఐదు నెలలకి ఆ హక్కు రాదు. వీలైనప్పుడల్లా అదే సీటు దగ్గర్లో తీసుకో, అరగంట ముందే పోయి కూర్చో. పెద్ద బ్యాగ్ వద్దు, గేటు దగ్గర ఆపుతారు. సకినాలైతే జేబులో పడతాయి.

ఒకటి అడుగుతా. ముసలాయన తిట్లన్నీ రాశావు, ఆయన పేరు రాయలేదు. అడగలేదా ఇంకా?