క్లబ్బులో నా గురించి ఏం చెప్పను?

ప్రశ్న: వచ్చే వారం మా రోటరీ క్లబ్బులో నా జీవితం, వృత్తి గురించి 10 నిమిషాలు మాట్లాడమన్నారు. ఎలా మొదలుపెట్టాలి?
– పట్టుచీరల వ్యాపారి, బరంపురం

జవాబు: పుట్టిన ఊరి నుంచి ఎత్తుకుంటే దుకాణం దాకా వచ్చేసరికి టైమైపోతుందండి. దుకాణంలోనే మొదలుపెట్టండి. 7 నిమిషాలు మాట, 3 నిమిషాలు ప్రశ్నలకు. బరంపురం పట్టుచీర ఒకటి పట్టుకెళ్లి, గుడి గోపురాల వరసలా ఉండే కుంభం అంచు వేలితో చూపించండి. అసలు పట్టుపోగు కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరైతే గట్టి ఉండ కడుతుంది. ఇంట్లోనే కాల్చి, రెండూ చిన్న డబ్బాల్లో తీసుకెళ్లండి. నష్టం వచ్చిన ఏడాదిని మాత్రం దాచకండి, జనం అడిగేది దాని గురించే. ఒడియా సభ్యులుంటే ముఖ్యమైన మాట ఒడియాలోనూ చెప్పండి. వ్యాపారం చిన్నదని జంకు వద్దు: 1905లో షికాగోలో రోటరీని మొదలుపెట్టిన నలుగురిలో బొగ్గు వ్యాపారి, దర్జీ కూడా ఉన్నారు.