వేలం వార్త చూసి టెలికాం షేర్లు అమ్మొద్దు, బాకీ చూడు

తమ్ముడూ, చిత్తూరు నుంచి నువ్వడిగింది ఇదే కదా: స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాలు) వేలం అనగానే నా టెలికాం షేరు పడింది, అమ్మేయాలా అని. తిరుపతిలో నా పక్కింటాయన కూడా నిన్న ఇదే అడిగాడు.

కంపెనీలు స్పెక్ట్రమ్ పాడుకోవడమంటే మన వైపు మామిడితోట గుత్తకు తీసుకున్నట్టే. పూత మీదే రేటు మాట్లాడేస్తారు. తర్వాత కాయ నిలిచినా, గాలివానకు రాలినా గుత్త కట్టాల్సిందే. 2022 నాటి 5జీ వేలంలో సర్కారుకు సుమారు 1.5 లక్షల కోట్లు పలికింది, అందులో జియో ఒక్కటే 88 వేల కోట్ల పైన పాడింది. కానీ కట్టేది వడ్డీతో 20 వార్షిక వాయిదాల్లో. అందుకే ఆ భారం ఒక్క ఏడాది లాభనష్టాల్లో కనబడదు, అప్పుల పట్టికలో వెతకాలి.

వాయిదా కట్టలేకపోతే? వొడాఫోన్ ఐడియానే చూడు. 2023లో 16,133 కోట్ల వడ్డీ బాకీకి, 2025లో మరో 36,950 కోట్లకు ప్రభుత్వం షేర్లే తీసుకుంది. అలా కంపెనీలో ప్రభుత్వ వాటా 49 శాతానికి చేరింది. కంపెనీ నిలబడింది, పాత వాటాదారుల వాటా మాత్రం పలచబడింది. నావీ ఓ వంద ఉన్నాయిలే, గోవిందా!

2024 వేలం చప్పగా సాగి 11,340 కోట్లే వచ్చాయి. ఖజానాకు నిరాశ; కంపెనీల నెత్తిన కొత్త బాకీ తక్కువే పడింది కాబట్టి వాటాదారులమైన మనకు ఊరట.

నీది ఏ కంపెనీయో రాయలేదు. ఏటా కట్టే వాయిదా, వడ్డీ కలిపి నిర్వహణ లాభంలో (వ్యాపారం నడిపే ఖర్చులు పోగా, వడ్డీ కట్టకముందు మిగిలేదాంట్లో) ఎంతవుతుందో ముందు లెక్కేయి. పేరు చెబితే వార్షిక నివేదికలో ఎక్కడ చూడాలో చెబుతా.